మచ్, మెనీ, ఫ్యూ, లిటిల్: ఇంగ్లీషు పరిమాణ పదాలను తడబడకుండా వాడటం ఎలా?

'ఫ్యూ'కీ 'ఎ ఫ్యూ'కీ తేడా ఏంటి? 'మోస్ట్' తర్వాత 'ఆఫ్' పెట్టాలా వద్దా? 'నన్ ఆఫ్ దెమ్' అన్నాక 'ఈజ్' రావాలా, 'ఆర్' రావాలా? పాఠకులు తిప్పి తిప్పి అడుగుతున్న ప్రశ్నలివి. అడిగేవాళ్లలో చాలామందికి రూల్స్ తెలుసు. పుస్తకంలో చదివితే అర్థమవుతుంది. తీరా ఈమెయిల్ రాయడానికి కూర్చుంటే మాత్రం ఏది పెట్టాలో తోచదు, టెన్షన్ మొదలవుతుంది.

ఎందుకంటే వీటిని మనం పట్టికలా బట్టీ పట్టాం. మెనీ అంటే చాలా, మచ్ అన్నా చాలా, ఎ లాట్ ఆఫ్ అన్నా చాలా అని నేర్చుకుంటే ఎక్కడ ఏది పెట్టాలో ఎలా తెలుస్తుంది? పదాల అర్థాలు పక్కనపెట్టి, పదం ఎంచుకునే వరుస పట్టుకోండి. ఆ వరుసలో ఉన్నవి మూడే ప్రశ్నలు.

## 1. మొదలుపెట్టే ముందు

ఒక నోట్‌బుక్‌లో రెండు పేజీలు కేటాయించండి. ఒకదాంట్లో ఇంగ్లీషు లెక్కపెట్టని నామవాచకాలు రాసుకుంటారు. రెండోదాంట్లో మీరు మీ మెయిళ్లలో, జవాబుల్లో చేసిన తప్పులు. పుస్తకాల్లో ఇచ్చే తప్పుల జాబితా కంటే మీ సొంత తప్పుల జాబితాయే మీకు ఎక్కువ పనికొస్తుంది.

వాక్యం రాసే ప్రతిసారీ వేసుకోవాల్సిన ప్రశ్నలు, ఇదే వరుసలో:

- ఈ నామవాచకాన్ని ఇంగ్లీషు లెక్కపెడుతుందా, పెట్టదా?
- నేను చెప్పదలచుకున్నది 'ఉంది' అనా, 'ఉన్నా లేనట్టే' అనా, 'అసలు లేదు' అనా?
- మాట్లాడుతున్నది ఆ రకం మొత్తం గురించా, ఫలానా గుంపు గురించా?

ఈ మూడూ తేలాకే క్రియ దగ్గరికి వెళ్లండి. చాలామంది ముందే 'ఈజ్'నా, 'ఆర్'నా అని కొట్టుకుంటారు. అది చివరి పని.

ఇంకో మాట. కింద ఇచ్చిన ఇంగ్లీషు వాక్యాలను పైకి చదవండి. ఈ పదాల విషయంలో కంటి కంటే చెవి నమ్మకమైనది.

## 2. మొదటి ప్రశ్న: 'ఎంత'నా, 'ఎన్ని'నా?

ఈ తేడా తెలుగులోనూ ఉంది. సమయం ఎంత, నూనె ఎంత అంటాం. పుస్తకాలు ఎన్ని, గదులు ఎన్ని అంటాం. మనుషులైతే ఎంతమంది అని ఇంకో మాట కూడా ఉంది. 'ఎంత' వచ్చే చోట 'మచ్', 'ఎన్ని' లేదా 'ఎంతమంది' వచ్చే చోట 'మెనీ'. చాలా పదాలకు ఈ పరీక్ష సరిపోతుంది.

కానీ కొన్నిచోట్ల ఇదే పరీక్ష మనల్ని ముంచుతుంది. నీళ్లు, పాలు తెలుగులో బహువచనాలు. 'నీళ్లు ఉన్నాయి' అంటాం. ఇంగ్లీషులో 'వాటర్' ఏకవచనమే, 'దేర్ ఈజ్ వాటర్' అనాలి. డబ్బులు ఎన్ని అని అడుగుతాం, ఇంగ్లీషులో మాత్రం 'హౌ మచ్ మనీ'. మన పొరపాట్లలో పెద్ద భాగం ఇక్కడే పుడుతుంది. మన దగ్గర బహువచనంగా ఉండి, అక్కడ లెక్కకు రాని పదాలు ఇవి:

- సలహాలు: అడ్వైస్
- వార్తలు: న్యూస్
- వివరాలు: ఇన్ఫర్మేషన్
- కుర్చీలు, బల్లలు కలిపి: ఫర్నిచర్
- పరికరాలు: ఎక్విప్‌మెంట్
- ఆధారాలు: ఎవిడెన్స్
- పరిశోధనలు: రీసెర్చ్
- నగలు: జ్యూయలరీ
- ప్రయాణంలో పెట్టెలు, బ్యాగులు: లగేజ్
- పనులు: వర్క్

వీటితో పాటు హోంవర్క్, ట్రాఫిక్, నాలెడ్జ్, ప్రోగ్రెస్, సాఫ్ట్‌వేర్ కూడా రాసుకోండి. వీటికి చివర 'ఎస్' తగిలించకూడదు. ఇన్ఫర్మేషన్స్, అడ్వైసెస్, ఫర్నిచర్స్, సాఫ్ట్‌వేర్స్ అనేవి తప్పు. 'న్యూస్' చివర 'ఎస్' ఉన్నా అది ఏకవచనమే: 'ది న్యూస్ ఈజ్ గుడ్'.

మరి రెండు సలహాలు అని చెప్పాలంటే? మధ్యలో కొలత చెప్పే ఒక మాటను తెచ్చుకోవాలి. 'టూ పీసెస్ ఆఫ్ అడ్వైస్', 'త్రీ పీసెస్ ఆఫ్ ఫర్నిచర్', 'ఎన్ ఐటమ్ ఆఫ్ న్యూస్'. లేదంటే లెక్కకు వచ్చే వేరే పదం వాడండి. అడ్వైస్ బదులు 'టూ సజెషన్స్', లగేజ్ బదులు 'త్రీ బ్యాగ్స్'. మాట్లాడేటప్పుడు ఈ రెండో దారే హాయి.

కొన్ని పదాలు అర్థాన్ని బట్టి అటూ ఇటూ మారతాయి. అనుభవజ్ఞానం అనే అర్థంలో 'ఎక్స్‌పీరియన్స్' లెక్కకు రాదు: 'షి హ్యాజ్ ఎ లాట్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్'. జరిగిన సంఘటనలు అనే అర్థంలో వస్తుంది: 'వి హ్యాడ్ మెనీ స్ట్రేంజ్ ఎక్స్‌పీరియన్సెస్'. 'టైమ్' అంటే సమయమైతే 'మచ్', సార్లు అయితే 'మెనీ టైమ్స్'. 'పేపర్' అంటే కాగితమైతే లెక్కకు రాదు, వార్తాపత్రికలూ ప్రశ్నపత్రాలూ అయితే వస్తుంది. 'రూమ్' అంటే చోటు అయితే 'మచ్ రూమ్', గదులైతే 'మెనీ రూమ్స్'.

అనుమానం వస్తే నేర్చుకునేవాళ్ల కోసం చేసిన నిఘంటువు చూడండి. అర్థం పక్కనే లెక్కపెట్టే పదానికి 'సి', లెక్కపెట్టని పదానికి 'యు' అనే అక్షరం ఉంటుంది. ఒకే పదానికి రెండూ కనిపిస్తే, ఏ అర్థం పక్కన ఏది ఉందో గమనించండి.

నామవాచకం ఏ వైపో తేలిందంటే పదాలు వాటంతటవే సర్దుకుంటాయి:

- లెక్కపెట్టేవాటికి: మెనీ, ఫ్యూ, ఎ ఫ్యూ, ఫ్యూయర్, సెవరల్, ఎ నంబర్ ఆఫ్
- లెక్కపెట్టనివాటికి: మచ్, లిటిల్, ఎ లిటిల్, లెస్, ఎ గ్రేట్ డీల్ ఆఫ్
- రెండింటికీ: సమ్, ఎనీ, నో, ఆల్, మోర్, మోస్ట్, ఎనఫ్, ఎ లాట్ ఆఫ్, ప్లెంటీ ఆఫ్

## 3. రూలు ప్రకారం సరే, చెవికి మాత్రం ఎబ్బెట్టు

'ఐ హ్యావ్ మచ్ వర్క్ టుడే.' నామవాచకం లెక్కకు రానిదే, 'మచ్' సరైనదే. అయినా ఎవరూ ఇలా మాట్లాడరు. 'మచ్' ఎక్కువగా ప్రశ్నల్లో, 'నాట్' ఉన్న వాక్యాల్లో కనిపిస్తుంది. మామూలు వాక్యంలో దాని చోటు 'ఎ లాట్ ఆఫ్' తీసుకుంటుంది: 'ఐ హ్యావ్ ఎ లాట్ ఆఫ్ వర్క్ టుడే.'

ముందు సో, టూ, యాజ్, హౌ లాంటి మాట ఉంటే 'మచ్' ఎక్కడైనా కుదురుతుంది. 'ఐ హ్యావ్ సో మచ్ వర్క్' బాగానే ఉంది.

'ఎ లాట్ ఆఫ్'లో 'ఎ' వదిలేయడం మనవాళ్లకు బాగా అలవాటు. 'లాట్ ఆఫ్ పీపుల్ కేమ్' తప్పు. 'ఎ లాట్ ఆఫ్' అనండి, లేదా 'లాట్స్ ఆఫ్' అనండి. రాసేటప్పుడు 'ఎ', 'లాట్' రెండు విడి పదాలు, కలిపి రాయకూడదు.

'టూ మచ్' అంటే బాగా ఎక్కువ అనే పొగడ్త కాదు, అవసరానికి మించిపోయింది అనే ఫిర్యాదు. 'థాంక్యూ టూ మచ్' అంటే ఎదుటివాళ్లు వింతగా చూస్తారు. 'థాంక్యూ సో మచ్' లేదా 'వెరీ మచ్' చాలు.

## 4. రెండో ప్రశ్న: ఆ చిన్న 'ఎ' ఏం చేస్తుంది?

అన్నిటికంటే ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే, కాబట్టి కాస్త నింపాదిగా చూద్దాం.

'షి హ్యాజ్ ఎ ఫ్యూ ఫ్రెండ్స్ హియర్': ఆమెకు ఇక్కడ కొంతమంది స్నేహితులున్నారు.
'షి హ్యాజ్ ఫ్యూ ఫ్రెండ్స్ హియర్': ఆమెకు ఇక్కడ స్నేహితులు పెద్దగా లేరు.

రెండు వాక్యాల్లోనూ స్నేహితులు ముగ్గురే కావచ్చు. సంఖ్య మారలేదు. మారింది చెప్పేవాళ్ల చూపు. 'ఎ ఫ్యూ' అన్నవాళ్లు ఉన్నవాళ్లను చూస్తున్నారు. 'ఫ్యూ' అన్నవాళ్లు లేని లోటును చూస్తున్నారు. 'ఎ లిటిల్', 'లిటిల్' మధ్య తేడా కూడా ఇదే, లెక్కపెట్టని పదాలతో.

తెలుగులో ఈ తేడాను క్రియ చూపిస్తుంది, ఇంగ్లీషులో ఆ పని 'ఎ' చేస్తుంది. అందుకే అనువాదంతో ఇలా పరీక్షించుకోవచ్చు:

- తెలుగు వాక్యం 'ఉన్నారు, ఉన్నాయి, ఉంది' అని ముగిస్తే: ఎ ఫ్యూ, ఎ లిటిల్
- 'పెద్దగా లేరు, అంతగా లేవు, పెద్దగా లేదు' అని ముగిస్తే: ఫ్యూ, లిటిల్

ఇంకా అనుమానంగా ఉంటే తర్వాతి వాక్యం ఊహించండి. 'దేర్ ఈజ్ ఎ లిటిల్ టైమ్' తర్వాత 'ఇంకోసారి సరిచూద్దాం' అని వస్తుంది. 'దేర్ ఈజ్ లిటిల్ టైమ్' తర్వాత 'తొందరగా కానివ్వండి' అని వస్తుంది.

'ఎ' జారిపోతే ఏమవుతుందో చూడండి. సాయం చేసిన పెద్దాయనకు కృతజ్ఞతగా 'యు గేవ్ మి ఫ్యూ యూజ్‌ఫుల్ సజెషన్స్' అని రాశారనుకోండి. 'మీరిచ్చినవాటిలో పనికొచ్చేవి పెద్దగా లేవు' అని రాసినట్టే. 'ఎ ఫ్యూ యూజ్‌ఫుల్ సజెషన్స్' అనాలి. మనవాళ్లు రాసే మెయిళ్లలో 'ఐ హ్యావ్ ఫ్యూ డౌట్స్' అనే వాక్యం తరచూ కనిపిస్తుంది. రాసినవాళ్ల ఉద్దేశం కొన్ని సందేహాలున్నాయని, వాక్యం చెప్పేదేమో సందేహాలు పెద్దగా లేవని.

మాట్లాడేటప్పుడు ఒంటరి 'ఫ్యూ', 'లిటిల్' కొంచెం పుస్తకాల భాషలా ఉంటాయి. 'నాట్ మెనీ', 'నాట్ మచ్', 'వెరీ ఫ్యూ', 'వెరీ లిటిల్' అంటే సహజంగా ఉంటుంది, పొరపాటుకు అవకాశమూ తగ్గుతుంది. అనుమానం ఉన్నవాళ్లందరికీ నేను చెప్పే మాట ఇదే: లేమి చెప్పాలంటే 'వెరీ' తగిలించండి, ఉనికి చెప్పాలంటే 'ఎ' తగిలించండి, ఒంటరిగా వదలకండి.

పక్కనున్న పదం అర్థాన్ని తిప్పేసే సందర్భాలు మూడు:

- 'ఓన్లీ ఎ ఫ్యూ': 'ఎ' ఉన్నా అర్థం కొద్దిమందే అని.
- 'క్వైట్ ఎ ఫ్యూ': చాలామందే అని. చూడటానికి కొద్దిమందిలా కనిపించి మోసం చేస్తుంది.
- 'ది ఫ్యూ', 'ది లిటిల్': ఉన్నవే కొన్ని, అవన్నీ అని. 'ది లిటిల్ మనీ ఐ హ్యాడ్ ఈజ్ గాన్' అంటే నా దగ్గరున్న ఆ కాస్త డబ్బూ పోయింది.

పోటీ పరీక్షలు రాసేవాళ్లకు ఒక చిట్కా. 'ఫ్యూ', 'లిటిల్' ఉన్న వాక్యాన్ని ఇంగ్లీషు వ్యతిరేక వాక్యంగానే చూస్తుంది. అందువల్ల చివర తగిలించే చిన్న ప్రశ్న మారిపోతుంది. 'ఫ్యూ పీపుల్ నో దిస్, డు దే?' కానీ 'ఎ ఫ్యూ పీపుల్ నో దిస్, డోంట్ దే?'

'లిటిల్'కి చిన్న అనే అర్థం కూడా ఉందని మరవద్దు. వెనకాల లెక్కపెట్టే ఏకవచనం ఉంటే అది సైజు గురించే: 'ఎ లిటిల్ హౌస్' అంటే చిన్న ఇల్లు.

## 5. 'సమ్', 'ఎనీ': బడిలో చెప్పిన రూలు సగమే

అవునని చెప్పే వాక్యానికి 'సమ్', ప్రశ్నకూ 'నాట్'కూ 'ఎనీ' అని బడిలో చెబుతారు. మొదలుపెట్టడానికి అది చాలు. మిగతా సగం ఇది.

ఇస్తామని అడిగేటప్పుడు, ఇమ్మని అడిగేటప్పుడు ప్రశ్నలోనూ 'సమ్' వస్తుంది. 'వుడ్ యు లైక్ సమ్ వాటర్?' 'కెన్ ఐ హ్యావ్ సమ్ పేపర్?' అవునన్న జవాబు ఆశిస్తున్నాం కాబట్టి అలా.

'ఎనీ'కి ఏదైనా సరే, ఎవరైనా సరే అనే అర్థం ఉన్నప్పుడు అది మామూలు వాక్యంలోనూ వస్తుంది: 'యు కెన్ టేక్ ఎనీ సీట్.' 'నాట్' కనిపించకపోయినా లోపల వ్యతిరేకార్థం ఉన్న విదవుట్, హార్డ్‌లీ, నెవర్ లాంటి పదాలతోనూ 'ఎనీ'యే: 'షి హార్డ్‌లీ హ్యాజ్ ఎనీ టైమ్.' 'ఇఫ్' తర్వాత కూడా సాధారణంగా అదే: 'ఇఫ్ యు హ్యావ్ ఎనీ డౌట్స్, ఆస్క్ మి.'

ఇక 'నాట్'తో 'సమ్' రానే రాదా? వస్తుంది, అర్థం మారుతుంది. 'ఐ డిడింట్ లైక్ సమ్ ఆఫ్ ది సాంగ్స్' అంటే కొన్ని పాటలు నచ్చలేదు. 'ఐ డిడింట్ లైక్ ఎనీ ఆఫ్ ది సాంగ్స్' అంటే ఒక్క పాటా నచ్చలేదు. రెండూ సరైనవే, చెప్పేది వేరు.

'సమ్' పక్కన ఏకవచనం ఉంటే ఎవరో, ఏదో అని అర్థం: 'సమ్ మ్యాన్ కాల్డ్ యు' అంటే ఎవరో ఒకాయన ఫోన్ చేశాడు. పక్కన సంఖ్య ఉంటే సుమారు అని: 'సమ్ ఫిఫ్టీ పీపుల్' అంటే ఓ యాభై మంది.

## 6. 'ఫ్యూయర్'నా, 'లెస్'నా, 'నంబర్'నా, 'అమౌంట్'నా?

దీన్ని త్వరగా ముగిద్దాం. లెక్కకొస్తే 'ఫ్యూయర్', రాకపోతే 'లెస్': 'ఫ్యూయర్ మిస్టేక్స్', 'లెస్ నాయిస్'. మాట్లాడే ఇంగ్లీషులో 'లెస్ మిస్టేక్స్' బాగానే వినిపిస్తుంది, అయినా పరీక్షలో, ఆఫీసు రాతలో 'ఫ్యూయర్' రాయండి.

సమయం, దూరం, డబ్బు, బరువు పక్కన సంఖ్య ఉన్నా 'లెస్' వాడతారు. 'లెస్ దేన్ టెన్ మినిట్స్', 'లెస్ దేన్ ఫైవ్ కిలోమీటర్స్'. అక్కడ నిమిషాలను విడివిడిగా లెక్కపెట్టడం లేదు, ఒక మొత్తంగా చూస్తున్నారు.

మనుషులు, వస్తువులు ఎన్ని అన్నదానికి 'నంబర్'. 'ఎ లార్జ్ అమౌంట్ ఆఫ్ పీపుల్' అనకండి, 'ఎ లార్జ్ నంబర్ ఆఫ్ పీపుల్' అనండి.

## 7. మూడో ప్రశ్న: 'ఆఫ్' ఎప్పుడు?

ఒక రకం మొత్తం గురించి మాట్లాడితే 'ఆఫ్' వద్దు. ఫలానా గుంపులోంచి కొంత తీస్తే 'ఆఫ్' కావాలి, దాని వెంటే ది, మై, దీజ్, దోజ్ లాంటి పదం కూడా.

- 'మోస్ట్ స్టూడెంట్స్ లైక్ హాలిడేస్': ఏ విద్యార్థులైనా.
- 'మోస్ట్ ఆఫ్ ది స్టూడెంట్స్ ఇన్ మై క్లాస్': ఈ క్లాసులోవాళ్లు.
- 'మోస్ట్ ఆఫ్ స్టూడెంట్స్': తప్పు. అటూ కాదు, ఇటూ కాదు.

'ఆఫ్' వచ్చిందంటే 'ది' లాంటిది రావాలి, అది రాకపోతే 'ఆఫ్' కూడా వద్దు. ఈ రెండూ జంట అనుకుంటే సమ్, మెనీ, మచ్, ఫ్యూ అన్నిటికీ సరిపోతుంది. అస్, దెమ్, యు, ఇట్ లాంటి సర్వనామాల ముందు 'ఆఫ్' తప్పనిసరి: 'మోస్ట్ ఆఫ్ అస్', 'సమ్ ఆఫ్ ఇట్'.

ఆల్, బోత్, హాఫ్ మాత్రం కొంచెం గారాబం పొందిన పదాలు. 'ది', 'మై' ఉన్నా 'ఆఫ్' మానేయొచ్చు: 'ఆల్ మై ఫ్రెండ్స్', 'బోత్ ది డోర్స్', 'హాఫ్ ది బుక్'.

నో, ఎవ్రీ పక్కన 'ఆఫ్' అసలు నిలవదు. 'నో ఆఫ్ దెమ్' కాదు, 'నన్ ఆఫ్ దెమ్'. 'ఎవ్రీ ఆఫ్ దెమ్' కాదు, 'ఎవ్రీ వన్ ఆఫ్ దెమ్'.

'వన్ ఆఫ్' తర్వాత బహువచనం రావాలి. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్' అనేది మన దగ్గర ఎంత పాతుకుపోయిందంటే చాలామంది చెవులకు అదే సరైనదిగా వినిపిస్తుంది. పలువురు స్నేహితుల్లో ఒకరు కదా, కాబట్టి 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్'. ఆ తర్వాత క్రియ మాత్రం ఏకవచనం: 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్ ఎ డాక్టర్.'

'ఆల్మోస్ట్'ని 'మోస్ట్'తో కలపకండి. 'ఆల్మోస్ట్ స్టూడెంట్స్' తప్పు. దాదాపు అందరూ అయితే 'ఆల్మోస్ట్ ఆల్ ది స్టూడెంట్స్', ఎక్కువమంది అయితే 'మోస్ట్ స్టూడెంట్స్'.

## 8. 'అందరూ', 'ఇద్దరూ', 'ప్రతి'

'అందరూ రాలేదు' అని తెలుగులో అంటే వచ్చినవాళ్లు కొందరున్నారని సాధారణంగా అర్థం చేసుకుంటాం. దాన్నే మాటకు మాట 'ఆల్ డిడ్ నాట్ కమ్' అని దింపితే వినేవాళ్లకు ఎవరూ రాలేదా, కొందరే రాలేదా తెలియదు. అందుకని:

- కొందరు రాలేదు: 'నాట్ ఎవ్రీవన్ కేమ్' లేదా 'నాట్ ఆల్ ఆఫ్ దెమ్ కేమ్'
- ఎవరూ రాలేదు: 'నోబడీ కేమ్' లేదా 'నన్ ఆఫ్ దెమ్ కేమ్'

'ఇద్దరూ రావడం లేదు' కూడా ఇలాంటిదే. 'బోత్ ఆర్ నాట్ కమింగ్' అనకుండా 'నీదర్ ఆఫ్ దెమ్ ఈజ్ కమింగ్' అనండి. ఐదర్, నీదర్, బోత్ ఇద్దరికో రెండింటికో మాత్రమే. రెండు దాటితే వాటి స్థానంలో ఎనీ, నన్, ఆల్ వస్తాయి.

ఈచ్, ఎవ్రీ రెండింటి పక్కనా ఏకవచనమే: 'ఎవ్రీ స్టూడెంట్ హ్యాజ్ ఎ బుక్.' విడివిడిగా ఒక్కొక్కరినీ చూస్తే 'ఈచ్', కలిపి అందరినీ చూస్తే 'ఎవ్రీ'. ఉన్నవి రెండే అయితే 'ఈచ్' మాత్రమే కుదురుతుంది. రెండు చేతులనూ ఉద్దేశించి 'ఎవ్రీ హ్యాండ్' అనరు.

'ఆల్', 'హోల్' విషయంలో 'ది' ఎక్కడుందో చూసుకుంటే చాలు: 'ఆల్ ది బుక్స్', 'ది హోల్ బుక్'. మొదటిది పుస్తకాలన్నీ, రెండోది ఒక పుస్తకం మొత్తం.

## 9. ఇప్పుడు క్రియ

ఎ లాట్ ఆఫ్, మోస్ట్ ఆఫ్, సమ్ ఆఫ్, ఆల్ ఆఫ్, హాఫ్ ఆఫ్, టూ థర్డ్స్ ఆఫ్. వీటితో క్రియను 'ఆఫ్' తర్వాతి నామవాచకం నిర్ణయిస్తుంది. 'మోస్ట్ ఆఫ్ ది వాటర్ ఈజ్ క్లీన్', 'మోస్ట్ ఆఫ్ ది రూమ్స్ ఆర్ క్లీన్'.

వన్ ఆఫ్, ఈచ్ ఆఫ్ తర్వాత బహువచనం కనిపించినా క్రియ ఏకవచనమే. ఐదర్ ఆఫ్, నీదర్ ఆఫ్‌తో మాటల్లో 'ఆర్' వినిపిస్తుంది కానీ రాతలో 'ఈజ్' రాయండి. 'నన్ ఆఫ్' పక్కన బహువచనం ఉంటే ఏకవచన క్రియా సరే, బహువచన క్రియా సరే, రెంటినీ ఒప్పుకుంటారు. పరీక్షలో అయితే ఏకవచనం వైపు మొగ్గడం క్షేమం.

'ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఆర్ ఆబ్సెంట్' అంటే పలువురు విద్యార్థులు రాలేదు. 'ది నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఈజ్ ఫార్టీ' అంటే సంఖ్య నలభై. మొదటిదాంట్లో మాట్లాడేది విద్యార్థుల గురించి, రెండోదాంట్లో సంఖ్య గురించి.

అర్థం బహువచనమే అయినా ఏకవచన క్రియ తీసుకునేవి రెండున్నాయి: 'మెనీ ఎ స్టూడెంట్ హ్యాజ్ ఫెయిల్డ్', 'మోర్ దేన్ వన్ స్టూడెంట్ హ్యాజ్ ఫెయిల్డ్'. తర్కం వెతక్కండి, గుర్తుపెట్టుకోండి.

ఒకే మొత్తంగా చూసే సమయానికీ దూరానికీ డబ్బుకీ ఏకవచనమే: 'ట్వంటీ మినిట్స్ ఈజ్ ఎనఫ్.'

## 10. తెలుగు నుంచి జారిపడే తప్పులు, సవరణలు

- రెండు మూడు రోజులు: 'టూ త్రీ డేస్' కాదు, 'టూ ఆర్ త్రీ డేస్'.
- రెండేసి పుస్తకాలివ్వు: 'గివ్ దెమ్ టూ టూ బుక్స్' కాదు, 'గివ్ దెమ్ టూ బుక్స్ ఈచ్'.
- ఇంకో పది నిమిషాలు: 'మోర్ టెన్ మినిట్స్' కాదు, 'టెన్ మోర్ మినిట్స్' లేదా 'అనదర్ టెన్ మినిట్స్'.
- రెండు వందల పేజీలు: 'టూ హండ్రెడ్స్ పేజెస్' కాదు, 'టూ హండ్రెడ్ పేజెస్'. సంఖ్య చెప్పకుండా వందల కొద్దీ అంటేనే 'హండ్రెడ్స్ ఆఫ్'.
- గంటన్నర: 'వన్ అండ్ హాఫ్ అవర్' కాదు, 'వన్ అండ్ ఎ హాఫ్ అవర్స్'.
- ఐదేళ్ల కోర్సు: 'ఫైవ్ ఇయర్స్ కోర్స్' కాదు, 'ఎ ఫైవ్ ఇయర్ కోర్స్'. రాసేటప్పుడు 'ఫైవ్', 'ఇయర్' మధ్య చిన్న గీత పెడతారు.
- సరిపడా సమయం: 'ఎనఫ్ ఆఫ్ టైమ్' కాదు, 'ఎనఫ్ టైమ్'. విశేషణమైతే 'ఎనఫ్' వెనక్కి వెళ్తుంది: 'టాల్ ఎనఫ్'.
- నా దగ్గర ఏమీ లేదు: 'ఐ డోంట్ హ్యావ్ నథింగ్' కాదు, 'ఐ డోంట్ హ్యావ్ ఎనీథింగ్' లేదా 'ఐ హ్యావ్ నథింగ్'. తెలుగులో 'ఏమీ', 'లేదు' కలిసి నడుస్తాయి, ప్రామాణిక ఇంగ్లీషులో ఒక వ్యతిరేక పదమే చాలు.

## 11. పంపే ముందు సరిచూసుకోండి

- లెక్కపెట్టని పదానికి ఎక్కడైనా 'ఎస్' తగిలించానా?
- 'ఫ్యూ', 'లిటిల్' ముందు 'ఎ' కావాలనే వదిలానా, మరిచిపోయి వదిలానా?
- 'లాట్ ఆఫ్' ముందు 'ఎ' ఉందా?
- 'మోస్ట్ ఆఫ్', 'సమ్ ఆఫ్' తర్వాత ది, మై, దీజ్ లాంటిది ఉందా?
- 'వన్ ఆఫ్' తర్వాత నామవాచకం బహువచనమేనా? క్రియ ఏకవచనమేనా?
- ఆల్, బోత్ ఉన్న వాక్యంలో 'నాట్' కూడా ఉందా? ఉంటే తిరిగి రాయండి.

అన్నీ ఒకే రోజు చూడాలనుకుంటే విసుగొస్తుంది. ఒక వారం మొదటి రెండూ, తర్వాతి వారం ఇంకో రెండూ పట్టించుకోండి.

## 12. చేసి చూడండి

కింది వాక్యాల్లో ఒక్కోదాంట్లో ఒకటైనా తప్పుంది. జవాబులు చూడకముందే కాగితం మీద దిద్దండి.

1. షి గేవ్ మి మెనీ అడ్వైసెస్.
2. వన్ ఆఫ్ మై కజిన్ ఆర్ ఎ టీచర్.
3. మోస్ట్ ఆఫ్ పీపుల్ వాంట్ పీస్.
4. ప్లీజ్ వెయిట్, ఐ నీడ్ ఫ్యూ మినిట్స్.
5. బోత్ ఆఫ్ ది ఆన్సర్స్ ఆర్ నాట్ కరెక్ట్.
6. ది నంబర్ ఆఫ్ మిస్టేక్స్ ఆర్ లెస్ నౌ.

జవాబులు:

1. 'షి గేవ్ మి ఎ లాట్ ఆఫ్ అడ్వైస్.' లెక్కకు రాని పదం కాబట్టి 'మెనీ' పోవాలి, చివరి 'ఎస్' పోవాలి. 'మచ్' పెడితే తప్పు కాదు కానీ చెవికి ఎబ్బెట్టు.
2. 'వన్ ఆఫ్ మై కజిన్స్ ఈజ్ ఎ టీచర్.' రెండు తప్పులు.
3. 'మోస్ట్ పీపుల్ వాంట్ పీస్.' అందరి గురించీ మాట్లాడుతున్నాం, 'ఆఫ్' వద్దు.
4. 'ఐ నీడ్ ఎ ఫ్యూ మినిట్స్.' ఆగమని చెబుతున్నారంటే ఆ నిమిషాలు కావాలనే కదా, 'ఎ' తప్పనిసరి.
5. రెండూ తప్పైతే 'నీదర్ ఆఫ్ ది ఆన్సర్స్ ఈజ్ కరెక్ట్'. ఒకటే తప్పైతే 'ఓన్లీ వన్ ఆఫ్ ది ఆన్సర్స్ ఈజ్ కరెక్ట్'. మొదటి వాక్యం చదివితే ఏదో తేలదు, అదే దాని లోపం.
6. 'ది నంబర్ ఆఫ్ మిస్టేక్స్ ఈజ్ లోయర్ నౌ.' ఇక్కడ చాలామంది 'ఈజ్' దిద్ది, 'లెస్' తీసేసి 'ఫ్యూయర్' పెడతారు. మాట్లాడుతున్నది సంఖ్య గురించి. సంఖ్య తగ్గితే 'లోయర్' లేదా 'స్మాలర్' అంటారు. 'ఫ్యూయర్' వాడాలంటే వాక్యమే మార్చాలి: 'దేర్ ఆర్ ఫ్యూయర్ మిస్టేక్స్ నౌ.'